కోట బొమ్మలో కోసివేసిన నేల

మన తెలుగు సంఘములు వెలువరించు ప్రత్యేక సంచికల అట్టలను ఒక వరుసలో పరచి చూడుడు. గోల్కొండ బాలాహిస్సారు, ఓరుగల్లు తోరణము, మరల గోల్కొండ, మరల తోరణము. చూచుటకు ముచ్చటగనే ఉండును. కాని ఆ ఛాయాచిత్రము ఎవరు తీసిరో, ఏ సంవత్సరమున తీసిరో, ఏ దిక్కున నిలిచి తీసిరో తెలుపు ఒక్క అక్షరమైనను లోపల గాని వెలుపల గాని కనబడదు. అంతటితో ఆగరు. సంఘము పేరు అచ్చువేయుటకు చోటు చాలలేదని బొమ్మ అడుగుభాగమును కోసివేయుదురు. బురుజు మిగులును, నేల పోవును. ఈ అలవాటు కేవలము అభిరుచి లోపము కాదనియు, ఇది ఒక నష్టమనియు, ఆ నష్టము మనవలె పరభాషా రాష్ట్రమున స్థిరపడిన కుటుంబములకు ఇతరులకంటె ఎక్కువ తగులుననియు వాదించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట మా ఇంటి నష్టమునే చెప్పెదను. మా తండ్రిగారి ట్రంకుపెట్టెలో ఒక పాత ఫొటో ఉండెడిది. కంధారు కోట కందకపు గట్టున ముగ్గురు నిలిచి ఉండిరి. అందులో ఒకరు మా తండ్రిగారు. వారి వెనుక బురుజు. ముందు నీరు. నీటిలోనికి దిగు మెట్లపై బట్టలు ఉదుకుచున్న ఇద్దరు స్త్రీలు. ఒక అంచున ఎడ్లు విప్పిన బండి. చాల ఏండ్ల క్రిందట ఒక సంచిక కొరకు ఆ ఫొటో అడిగిరి, సంతోషముతో ఇచ్చితిని. అచ్చైన పుటలో బురుజు మాత్రము వచ్చినది. మనుష్యులు నడుముల వరకు మిగిలిరి. నీరు, మెట్లు, స్త్రీలు, బండి, అంతయు పోయినది. అసలు ప్రతి ఏమైనదని అడుగగా దొరకలేదనిరి. ఇతరులను మాత్రమే నిందించి నేను తప్పించుకొనను. ఉద్యోగ జీవితమంతయు ఆవక-జావక రిజిస్టరులో ప్రతి కాగితమునకు తేదీ, సంఖ్య వేయుచు గడపినవాడను. మా ఇంటి కాగితము వెనుక మాత్రము ఏమియు వ్రాయలేదు. తక్కిన ఇద్దరు ఎవరని మా తండ్రిగారిని వారు జీవించి ఉన్నప్పుడు అడుగలేదు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. ఆ అచ్చు పుటలో మిగిలిన బురుజువలన నాకు కలిగిన లాభమేమి? ఆ బురుజు నేటికిని కంధారులోనే ఉన్నది. నాందేడు నుండి బస్సు ఎక్కినచో ఏ దినమైనను చూచి రావచ్చును. తిరిగి చూడలేనిది ఆ దినపు నీటి మట్టము, ఆ మెట్లు వాడుకలో ఉన్న తీరు, ఆ బండి, ఆ మనుష్యులు. ఎన్నడును పోనిదానిని భద్రపరచి, ఎన్నటికిని రానిదానిని కత్తిరించి పారవేసితిమి. మన సంచికలన్నియు చేయుచున్న పని ఇదే.

పూర్వపు ఛాయాచిత్రకారులు కోటలను ఎట్లు తీసిరో తెలిసికొన్నచో ఈ మాట మరింత స్పష్టపడును. ఛాయాచిత్రకళ 1839 లో లోకమునకు ప్రకటింపబడినది. అంతకు నాలుగేండ్ల ముందే, 1835 లో, ఇంగ్లండులో టాల్బటు అను పండితుడు లేకాక్ అబ్బీ అను తన పురాతన గృహపు కిటికీనే చిన్న కాగితపు నెగెటివుపై పట్టెను. అనగా ఈ విద్య పుట్టిననాటి నుండియే పాత కట్టడములతో చెలిమి చేసినది. కట్టడము కదలదు గదా! ఆనాటి మందులు మందకొడివి. కదలునది ఏదియు వానికి చిక్కెడిది కాదు.

1851 లో ఆర్చరు అను ఆంగ్లేయుడు తడిపలక పద్ధతిని ప్రకటించెను. గాజుపలకపై కొలోడియను అను జిగట ద్రవము పోసి, వెండి లవణపు నీటిలో ముంచి, తడి ఆరకముందే కెమేరాలో ఉంచి చిత్రము తీసి, తడి ఆరకముందే చీకటి గుడారములో కడిగి తేర్చవలెను. ఎండ మండు దక్కను పీఠభూమిపై ఆ తడి ఎంతసేపు నిలుచునో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. గుడారము, మందుసీసాలు, గాజుపలకల పెట్టెలు, మూడుకాళ్ల పీట, ఇవన్నియు బండిపైనో కూలీల తలలపైనో మోయించుకొని పోవలెను. కడుగుటకు నీరు కావలెను. పెద్ద చిత్రము కావలెనన్న అంత పెద్ద పలకయే కావలెను, ఏలయన చిన్న పలకనుండి పెద్ద ప్రతి తీయుట అప్పుడు సులభము కాదు.

ఇంత శ్రమపడి వచ్చినవాడు కోటనంతటిని ఒక్క పలకపై చూపదలచును. కోటనంతటిని చూపవలెనన్న దూరముగా నిలువక తప్పదు. దూరముగా నిలిచినచో నడుమనున్న నేల పలకపై పడక తప్పదు. ఇదియే నా వాదమునకు మూలము. చిత్రకారుడు కోట కొరకు వచ్చెను, నేల పిలువకయే వచ్చినది. కోటకు మంచి కోణము వెదకెను, మంచి వెలుతురు కొరకు కాచుకొనెను. నేలకు ఆ మర్యాద ఏదియు జరుగలేదు. చెరువు, కాలిబాట, జొన్నచేను, గుడిసె, ఎండిన వాగు, ఇవి ఎట్లున్నవో అట్లే పడినవి. న్యాయస్థానములో సిద్ధపరచి తెచ్చిన సాక్షికంటె, దారిన పోవుచు చూచిన సాక్షి మాటకు విలువ ఎక్కువ. పాత కోట చిత్రములో నేల అట్టి సాక్షి.

ఫ్రాన్సు దేశమున జరిగినది వినుడు. 1851 లో అచ్చటి చారిత్రక కట్టడముల సంఘము అయిదుగురు ఛాయాచిత్రకారులను దేశము నలుమూలలకు పంపి, శిథిలములగుచున్న కట్టడములను చిత్రింపించినది. దక్షిణమున కర్కసోన్ అను కోటపట్టణపు గోడలను గుస్తావ్ ల గ్రే, మెస్త్రాల్ అనువారు తీసిరి. తరువాత 1853 మొదలు వాస్తుశిల్పి వియొలె-ల-ద్యూక్ ఆ కోటను పునరుద్ధరింప మొదలిడెను. నేడు లోకమంతయు పోయి చూచునది ఆ పునరుద్ధరించిన కోటనే. కాని రెండు ప్రాకారముల నడుమ పేదలు, నేతపనివారు కట్టుకొన్న ఇండ్లు ఉండెడివి. కోట అందము కొరకు ఆ ఇండ్లను తొలగించిరి. గోడ మరల లేచినది, ఇల్లు మరల లేవలేదు. గోడను ఎవరైనను తిరిగి కట్టగలరు. దానిని ఆనుకొని బ్రతికిన బ్రతుకును తిరిగి కట్టగలవారు లేరు. నేతపని చేసి బ్రతికిన తాతలు గల కుటుంబములు ఈ నాందేడు పట్టణమున ఎన్ని ఉన్నవో మనకు తెలియును. ఈ కథ మనకు దూరపు కథ కాదు. ఆ అయిదుగురు తీసిన నెగెటివులు ఆనాడు ప్రచురింపబడక సర్కారు అల్మారాలలోనే ఉండిపోయినవన్న సంగతియు గుర్తుంచుకొనదగినది. తీయించుట ఒక పని, పదిమందికి చూపుట మరియొక పని.

మన దేశమునకు వచ్చెదము. చెన్నపట్టణపు ప్రభుత్వము 1856 లో లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగిని ప్రభుత్వ ఛాయాచిత్రకారునిగా నియమించినది. అతడు మధుర, తంజావూరు, తిరుచిరాపల్లి కట్టడములతోపాటు సేలము జిల్లా రాయకోట దృశ్యములను కూడ తీసెను. ఆ చిత్రముల సంపుటము 1858 లో వెలువడినది. రాయకోట నేడు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఉన్నది. ఆ సీమలో మనవలెనే తరతరములుగా తెలుగు మాటలాడువారు ఉన్నారు. కొండ, కొండపై దుర్గము, క్రింద పల్లపు భూమి, ఇవన్నియు ఆ చిత్రములకు ఎక్కినవి. కాని ఈ ఖర్చు భరింపరానిదని గవర్నరు ట్రెవెల్యను తలచుటచేత 1860 నాటికి ఆ ఉద్యోగమే రద్దైనది. ఖజానాకు ఛాయాచిత్రము విలాసవస్తువుగ తోచుట నేటి మాట కాదు.

ఈ సందర్భమున మనలో కొందరు పెద్దలు ఒక మాట అందురు: ఇదంతయు తెల్లదొరల విద్య, వారి సరదా, మనకేల? దీనికి సమాధానము లాలా దీన్‌దయాళ్. ఈయన 1844 లో మీరటు దగ్గరి సర్ధానాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో చదివి, 1866 లో ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీయుచు అంచనాలు వేయు ఉద్యోగిగా చేరెను. అనగా మనవంటి కచేరి మనిషియే. ఉద్యోగము చేయుచునే 1874 ప్రాంతమున కెమేరా చేపట్టెను. 1882 లో సర్ లెపెల్ గ్రిఫిను వెంట బుందేల్‌ఖండము తిరిగి తీసిన చిత్రములు 1886 లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథమున వెలువడినవి. గ్వాలియరు కోట అందులోనిదే. ఆ దశాబ్దములోనే ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. 1894 లో నిజాము ఆయనకు రాజా బహద్దరు, ముసవ్విర్ జంగ్ అను బిరుదములిచ్చెను. 1905 లో ఆయన కీర్తిశేషుడాయెను. 2006 లో భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వెలువరించినది.

దీన్‌దయాళ్ తెలుగువాడు కాడు, మరాఠీవాడును కాడు. ఐనను గోల్కొండను, దౌలతాబాదును ఒకే శ్రద్ధతో తీసెను. 1892 నాటి నిజాము రాజ్య దృశ్యముల ఆల్బము నేడు లండనులో బ్రిటిషు లైబ్రరీయందు, లార్డు కర్జను సేకరణలో ఉన్నది. ఆయన గాజుపలకలు రెండువేల ఎనిమిదివందలకు పైబడి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. అవి ఈనాడు మనకు పనికివచ్చుటకు కారణమేమి? ఆయన సంస్థ పలకలకు సంఖ్య వేసెను, పేరు వ్రాసెను, వరుసగా పేర్చెను. కళాకారునిలో దాగిన గుమాస్తాయే ఆ కళను కాపాడెను. కచేరి పని చేసినవారిని చూచి నవ్వు మన యువకులు ఈ మాట మనసున ఉంచుకొందురు గాక.

అట్లని పాత చిత్రములన్నియు సత్యవాక్యములని నేననను. వానిలోను మాయ ఉన్నది. ట్రైపు తన కాగితపు నెగెటివులపై కుంచెతో మేఘములు దిద్దెడివాడు. కోట ఎత్తు తెలియుటకు ఒక మనుష్యుని గోడప్రక్క నిలువబెట్టుట ఆనాటి వాడుక. ఆ మనుష్యుడు కొలబద్దయే గాని వానికి పేరు లేదు. అన్నిటికంటె ఘోరమైనది లక్నో చిత్రము. 1857 నవంబరులో సికందర్‌బాగులో, ప్రహరీ గల ఒక తోటలో, సుమారు రెండువేలమంది తిరుగుబాటు సిపాయీలు హతులైరి. 1858 లో ఫెలీచే బియాతో ఆ తోటను తీసినప్పుడు ముందరి నేలయంతయు మానవుల ఎముకలు చెదరి ఉన్నట్లు చూపెను. ఆ అస్థిపంజరములు అప్పటికి పూడ్చబడి ఉండెననియు, చిత్రము కొరకే వానిని వెలికి తీయించి ఉండుననియు అధికారియైన జార్జి కాంబెల్ తన జ్ఞాపకములలో వ్రాసెను. నేలను కూడ వేషము వేయించవచ్చునని ఇందువలన తెలియుచున్నది. కాని ఆ వేషము ఎట్లు బయటపడినది? బొమ్మవలన కాదు, బొమ్మకు తోడుగా నిలిచిన వ్రాతవలన. ఎవరు, ఎప్పుడు, ఏ స్థితిలో తీసిరన్న వ్రాత లేని చిత్రము సంతకము లేని అర్జీ వంటిది. దానిని నమ్మవలెనో త్రోసివేయవలెనో నిర్ణయించుటకైనను ఆధారము లేదు.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. దానిని చెప్పువారు మనకు గౌరవనీయులు. "గోల్కొండ, ఓరుగల్లు మన కోటలు. వానిని చూచినప్పుడు మన పిల్లలకు మనమెవరమో తెలియును. కంధారు, మాహూరు, నాందేడు ఖిల్లా ఇచ్చటివారివి. వారి చరిత్ర వారు చూచుకొందురు." ఈ మాటలోని బాధ నాకు తెలియనిది కాదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో మరాఠీయో ఇంగ్లీషో, అంగడిలో హిందీ. ఇన్నిటి నడుమ పెరుగు పిల్లవానికి ఒక్క తోరణమైనను గర్వముగ చూపుకొనవలెనన్న కోరిక తప్పు కాదు. ఓరుగల్లు తోరణమును అట్టపై వేయవద్దని నేననుట లేదు. అదొక్కటే మనదను మాటను ఒప్పుకొనను.

హద్దులు ఎప్పుడు గీయబడినవో జ్ఞాపకము చేసికొందము. నాందేడు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు అది బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1960 మే 1 న మహారాష్ట్రలో భాగమైనది. అదే పంపకములో ఆదిలాబాదు జిల్లాలోని కిన్వటు తాలూకా నాందేడుకు వచ్చినది. నాందేడు జిల్లాలోని ముధోలు ఆదిలాబాదుకు పోయినది. మాహూరు కోట ఆనాడు ఆ కిన్వటు తాలూకాలో ఉండెడిది. పైనగంగ చుట్టివచ్చు ఆ కొండలలో రేణుకామాత వెలసినది. మనవారు ఆమెను ఎల్లమ్మ అని కొలుతురు. 1956 అక్టోబరులో మాహూరు కోటను తీసిన ఫొటో ఆదిలాబాదు జిల్లా ఫొటో, నవంబరులో తీసినది నాందేడు జిల్లా ఫొటో. కోట కదలలేదు, కొండ కదలలేదు, అమ్మవారు కదలలేదు. కదలినది దస్తరములోని గీత. దీన్‌దయాళ్ తీసిన కోటలలో గోల్కొండ ఆంధ్రప్రదేశమునకు, ఆపై 2014 లో తెలంగాణమునకు చెందినది. దౌలతాబాదు మహారాష్ట్రకు వచ్చినది. గులాం యజ్దానీగారు 1947 లో గొప్ప గ్రంథము వ్రాసి చిత్రములతో లోకమునకు చూపిన బీదరు నేడు కర్ణాటకములో ఉన్నది. ఈ యజ్దానీగారే 1914 లో ఏర్పడిన నిజాము పురావస్తు శాఖకు అధిపతి. ఆ శాఖకు కోట ఏ భాషదను ప్రశ్న లేదు. మనకేల ఉండవలెను?

తెలుగు సంబంధమే కావలెనన్నచో అదియు లేకపోలేదు. కంధారు రాష్ట్రకూటుల నాటి పట్టణము. కోట మొదట వారిదని చెప్పుదురు. మన ప్రతాపరుద్ర చరిత్రములో కాకతీయుల పూర్వికుడుగా చెప్పబడిన సోమదేవరాజు కందారపురమును ఏలెననియు, ఆయన శత్రువులచేత కూలగా రాణి సిరియాలదేవి గర్భవతియై హనుమకొండకు పారిపోయి వచ్చెననియు కథ ఉన్నది. ఆ కందారమే మన కంధారని తలచిన పండితులు కలరు. కథను చరిత్రగా నిరూపించుట నా శక్తికి మించిన పని, నాకు దానితో పనియును లేదు. ఆ కథ లేకున్నను కంధారు మనదే. ఏలయన ఆ కందకపు నీరు మనవారు త్రాగిరి, ఆ సంతలో మనవారు బట్టలమ్మిరి, ఆ గట్టున మా తండ్రిగారు నిలిచిరి. రాజు ఎవరైనను కోట క్రింది నేల దానిపై బ్రతికినవారిది. నేలను బొమ్మనుండి కోసివేసినచో రాజులు మాత్రమే మిగులుదురు. రాజులలో మనవారెవరని వెదకుకొనుచు కూర్చుందుము. ఆ వెదకులాటలో మన తాతలు మన కంటికి కనబడకుండ పోవుదురు.

అల్పసంఖ్యాకులకు ఈ నష్టము ఎక్కువ అని మొదట అంటిని. కారణమిది. పెద్ద భాషా సమాజమునకు పాఠ్యపుస్తకమున్నది, విశ్వవిద్యాలయమున్నది, గెజెటీరున్నది. ఒక చిత్రము పోయినను వేయి సాక్ష్యములు మిగులును. మనకు మిగులునది మన ఇండ్ల ట్రంకుపెట్టెలు మాత్రమే. నాలుగు తరములుగా ఇచ్చట ఉన్నామని మనమందుము. ఎచ్చట ఉంటిరని ఎవరైన అడిగినచో గోల్కొండ బొమ్మ చూపుదుమా? గోల్కొండ బొమ్మ మనము వేరొక చోటి వారమని మాత్రమే చెప్పును. ఇచ్చటి వారమని చెప్పునది కందకపు మెట్ల బొమ్మ. మనమే దానిని కత్తిరించి, మనలను అతిథులుగా చూచుచున్నారని మరల మనమే వాపోవుచున్నాము!

మూడవ ఆక్షేపణ యువకులది. "ఇప్పుడు ప్రతివాని చేతిలో ఫోను ఉన్నది. రోజునకు వేయి ఫొటోలు తీయవచ్చును. కొరత ఎక్కడ?" కొరత ఫొటోలకు లేదు, నిజమే. కోటకు వీపు త్రిప్పి తన ముఖమును తీసికొను ఫొటోలో కోట తెరగుడ్డ మాత్రమే. ఫోను పగిలిననాడు ఆ వేయి ఫొటోలును పోవును. దీన్‌దయాళ్ గాజుపలక నూరేండ్లు దాటి నిలిచినది. పోయిన ఏడాది ఫోనులోని బొమ్మలు మీలో ఎందరికి దొరకునో చెప్పుడు. 2008 లో గురు గోవింద సింహుల గురుతాగద్దీ మూడువందల ఏండ్ల ఉత్సవమునకై మన పట్టణమున వీధులు వెడల్పైనవి, గోదావరి గట్టున ఘాట్లు వెలసినవి. పట్టణమునకు మేలే జరిగినది. కాని అంతకు ముందు ఆ గట్టు ఎట్లుండెడిదో, ఖిల్లా క్రింది నదిలోనికి ఏ దారిన దిగెడివారమో మన పిల్లలకు చూపుటకు తేదీ వేసిన చిత్రము మన ఇండ్లలో ఎన్ని ఉన్నవి? అప్పటికే మన చేతులలో కెమేరాలు ఉన్నవి. పెండ్లిళ్లు తీసితిమి, పుట్టినరోజులు తీసితిమి, గట్టును తీయలేదు.

గోల్కొండ సంగతియు అంతే. కోటలోని నయాఖిల్లా పూర్వము కుతుబ్‌షాహీల తోటలున్న చోటు. నేడు అందులో గోల్ఫ్ మైదానమున్నది. గోడలు, బురుజులు చూచి గోల్కొండ క్షేమముగా ఉన్నదనుకొనువారికి ఈ మార్పు కనబడదు. నేలను చూచువానికే కనబడును. ఓరుగల్లు కోటలోను అంతే. నాలుగు తోరణముల చుట్టును ఊరున్నది, చేలున్నవి, కుటుంబములున్నవి. మన అట్టలపై తోరణము ఒక్కటే ఆకాశమున వ్రేలాడుచున్నట్లు ఉండును. ఆ ఊరివారు మన అట్టను చూచిన ఇది మా ఊరని గుర్తింపగలరా?

విమర్శించి ఊరకుండుట నాకు ఇష్టము లేదు. చేయదగిన పనులు కొన్ని చెప్పెదను. వీనికి పెద్ద ధనము అక్కరలేదు, పట్టుదల చాలును.

ఇకమీదట మన సంచికలో పాత చిత్రము వేసినచో నాలుగు అంచులతో పూర్తిగా వేయవలెను. సంఘము పేరునకు చోటు కావలెనన్న బొమ్మకు వెలుపల వేయుడు. బొమ్మ చిన్నదైనను మంచిదే, కోయబడిన పెద్ద బొమ్మ వద్దు. క్రింద తీసినవారి పేరు, సంవత్సరము, స్థలము, అది ఎవరి వద్ద ఉన్నది, ఈ నాలుగును ఉండవలెను. తెలియనిచో "తెలియదు" అని అచ్చువేయుడు. తెలియదనుట సిగ్గు కాదు, ఎవరికైన తెలిసినచో చెప్పుటకు అది పిలుపు.

ఇంటింటను పాత పెట్టెలు తెరచి, పెద్దలు జీవించి ఉండగనే వారి ప్రక్కన కూర్చుండి అడుగుడు. నాయనమ్మను అడుగుడు, పెద్దనాన్నను అడుగుడు. ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయుడు, సిరా ముందరి ప్రక్కకు దిగును. నిలిచినవారి పేర్లతోపాటు వెనుకనున్న చెట్టు, బావి, దారి, అంగడి, అవి ఎవరివో కూడ వ్రాయుడు. అసలు ప్రతిని ఏ సంచికకును, ఏ ముద్రణాలయమునకును ఇయ్యకుడు. నకలు ఇయ్యుడు. ఆ నకళ్లను మూడు ఇండ్లలో ఉంచుడు. ఒక ఇంటికి చెదలు పట్టినను, నీరు వచ్చినను తక్కినవి మిగులును.

ఏడాదికి ఒకమారు, దసరా సెలవులలో కానిండు, సంక్రాంతికి కానిండు, పిల్లలను వెంటబెట్టుకొని కంధారుకు, మాహూరుకు, గోదావరి ఒడ్డున మన ఖిల్లాకు పోయి, ప్రతి ఏటను ఒకే చోట నిలిచి, ఒకే దిక్కునకు ఒక్కొక్క చిత్రము తీయుడు. బురుజు తలను కొంత తగ్గించినను ఫరవా లేదు, పాదముల యొద్ది నేలను విడువకుడు. తీసిన దినముననే కాగితముపైకి ఎక్కించి తేదీ వేయుడు. అచ్చట బట్టలు ఉదుకుచున్నవారు, పశువులు మేపుచున్నవారు కనబడినచో వారి అనుమతి అడిగి, పేరు అడిగి వ్రాసికొనుడు. దొరల కాలమున వారు పేరులేని కొలబద్దలైరి. మన కాలమునను అట్లే ఉంచితిమేని మనకును దొరలకును భేదమేమి?

మా తండ్రిగారి ఫొటోలోని తక్కిన ఇద్దరెవరో నాకు నేటికిని తెలియదు. వారి కొడుకులో, మనుమలో ఈ పట్టణముననే ఉండవచ్చును. ఈ సంచికనే చదువుచు ఉండవచ్చును. కందకపు గట్టున ముగ్గురు నిలిచిన అట్టి ఫొటో మరియొక ప్రతి మీ పెట్టెలో ఉన్నచో దయచేసి వెనుకకు త్రిప్పి చూడుడు. ఏదైన వ్రాసి ఉన్నచో నాకు తెలుపుడు. ఏమియు వ్రాసి ఉండనిచో నేడే కూర్చుండి మీకు తెలిసినది వ్రాయుడు. ఆ తరువాతనే ఈ పుట త్రిప్పుడు.